పెట్టెకు తాళం... వెయ్యాలా, వద్దా?

ముంబై వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకు నిజామాబాద్ స్టేషన్లో కాసేపు నిలబడితే చాలు, ఎవర్నీ అడక్కుండానే ఎవరెక్కడికి పోతున్నారో చెప్పెయ్యొచ్చు. పెట్టె మీద పెద్దపెద్ద అక్షరాలతో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుంటే గల్ఫ్ ప్రయాణం. రెండు చేతిసంచులు, ఒక డబ్బాలో పూరీలు ఉంటే షిర్డీ యాత్ర. చంకలో ఒక్క ఫైలు మాత్రమే ఉంటే ఏదో ఆఫీసు పని. కానీ ఆమధ్య ఓ సాయంత్రం ఆ ప్లాట్‌ఫాం మీద కూర్చున్న పెద్దవాళ్ల జంట ఈ లెక్కల్లో దేనికీ అందలేదు. కొత్త పెట్టెలు రెండు. ఒక్కోదానికి రెండేసి తాళాలు. ఆపైన గొలుసు. వాళ్లు పోతున్నది ఓడ ఎక్కడానికి!

వాళ్లది బోధన్. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో కాంటా దగ్గర పనిచేసి రిటైరయ్యారు. చెరుకు బండి గేటు దాటకముందే బరువెంతో చెప్పగలరని పేరు. (నిజాం కాలంలో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ గేటుకు పడిన తాళం గురించి బోధన్‌లో ఎవర్ని కదిపినా గంటసేపు చెబుతారు. అది వేరే కథ.) అలాంటాయనకు ఈ ప్రయాణంలో ఒక చిన్న తూకం తేలక మూడు రోజులు నిద్రపట్టలేదు.

సంగతేంటంటే, పిల్లలు ముంబై నుంచి గోవా మీదుగా లక్షద్వీప్ వెళ్లొచ్చే ఓడకు టికెట్లు తీశారు. భార్యాభర్తలిద్దరూ సముద్రాన్ని ఒడ్డు నుంచి చూడటమే తప్ప ఎన్నడూ అందులోకి పోలేదు. అయినా అలలూ, తుపానులూ ఆయన్ను భయపెట్టలేదు. టికెట్లతోపాటు వచ్చిన కాగితంలో ఉన్న రెండు వాక్యాలు భయపెట్టాయి. రేవులో దిగగానే పెట్టెలు సిబ్బందికి అప్పగించాలి, వాటిని వాళ్లే గది గుమ్మం దాకా చేరుస్తారు. దిగిపోయే ముందురోజు రాత్రి పెట్టెల్ని మళ్లీ గది బయట వరండాలో పెట్టి పడుకోవాలి.

"పెట్టె బైట వెట్టి మనం లోపల పండుడేందే?" అన్నారాయన భార్యతో.

"తాళమేస్తే అయిపాయె గదా!"

అక్కడితో అయిపోలేదు. అసలు చర్చ అక్కడే మొదలైంది.

అమెరికాలో ఉంటున్న కూతురు ఫోన్లో ఒక్క మాటలో తేల్చేసింది. "బాపూ, తాళం ఎయ్యకు. పలగ్గొట్టి చూస్తరు. పెట్టె ఖరాబైతది." ఆమె ఉన్నచోట అది నిజమే. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా విమానాశ్రయాల్లో చెకిన్ సామాను మొత్తాన్నీ తనిఖీ చెయ్యడం మొదలైంది. అనుమానం వస్తే మనం పక్కన లేకపోయినా పెట్టె తెరుస్తారు. తాళం అడ్డొస్తే విరగ్గొడతారు. అందుకే 2003లో, అక్కడి సిబ్బంది దగ్గరుండే మాస్టర్ తాళంచెవితో తెరుచుకునే తాళాలు వచ్చాయి. కొత్త సూట్‌కేసుల మీద ఎర్రటి వజ్రం గుర్తు, నంబరు చక్రాల పక్కనే చిన్న రంధ్రం ఉంటాయి చూడండి, అవే. ఆ రంధ్రానికి తాళంచెవి ఇవ్వలేదేమని దుకాణంవాడితో పోట్లాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది మనకిచ్చేది కాదు! అలాగని ఆ మాస్టర్ తాళంచెవి ఏమంత రహస్యంగానూ మిగల్లేదు. 2014లో దాని ఫొటో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయింది. 2015కల్లా ఆ ఫొటో చూసి నమూనాలు గీసి, త్రీడీ ప్రింటర్ మీద తాళంచెవులు తయారుచేసేశారు.

అసలు అంత కష్టం కూడా అక్కర్లేదు. గుడ్డ సూట్‌కేసుకు ఎంత మంచి తాళం వేసినా, అది పట్టుకునేది జిప్పు కొసల్నే. బాల్‌పెన్ను మొనతో జిప్పు పళ్ల మధ్య పొడిస్తే సగం పెట్టె విచ్చుకుంటుంది. పని అయ్యాక ఆ కొసల్నే అటూ ఇటూ ఒకసారి లాగితే జిప్పు మళ్లీ అతుక్కుపోతుంది. తాళం తాళంలాగే ఉంటుంది. ఇంటికొచ్చి తెరిస్తే తప్ప ఏం పోయిందో తెలియదు. ఇక నంబరు తాళాల సంగతి సరేసరి. కొన్నప్పుడున్న మూడు సున్నాల్ని మార్చనివాళ్లు ఎంతమందో!

ఇదంతా విన్న ఆయన, తాళం దండగన్న నిర్ణయానికి దాదాపుగా వచ్చేశారు. సరిగ్గా అప్పుడే తమ్ముడొచ్చాడు. ఇరవై ఏళ్లు దుబాయ్‌లో పనిచేసి వచ్చిన మనిషి.

"అన్నా, తాళం ఎయ్యాల్సిందే. పెట్టెల ఉన్నది పోతదని కాదు. లేంది వస్తదని!"

ఈ మాట నిజామాబాద్ జిల్లాలో అర్థమైనంత సులువుగా ఇంకెక్కడా అర్థం కాదేమో. ఆర్మూర్, బాల్కొండ వైపు ఏ ఊరికెళ్లినా గల్ఫ్‌లో మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలుకాక ముందు చాలామంది ముంబై వెళ్లే విమానం ఎక్కేవాళ్లు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేటప్పుడు వాళ్ల సామాను చూడాలి... అట్టపెట్టెలు, వాటికి అడ్డంగా నిలువుగా టేపు, ఆపైన తాడు, నాలుగు వైపులా పేరు. లోపల కంబళ్లు, పాలపొడి డబ్బాలు, టాంగు, టైగర్ బామ్, పిల్లలకు బొమ్మలు. రెండేళ్ల చెమట ఆ పెట్టెల్లో ఉండేది. అట్టపెట్టెకు తాళమెక్కడ వేస్తారు? తాడు ముడే తాళం. ఎవరి ముడి వాళ్లకు గుర్తు. ముడి మారితే పెట్టెను ఎవరో ముట్టినట్టే.

అయితే తమ్ముడు చెప్పేది తెచ్చుకునే పెట్టె గురించి కాదు, తీసుకెళ్లే పెట్టె గురించి. సెలవు అయిపోయి వెళ్లే ముందు వారమంతా ఇంటికి పొట్లాలు వస్తూనే ఉంటాయి. "మావోనికి ఇయ్యి కొడుకా, తొక్కు వెట్టిన", "గీ మందులు మా అల్లునికి". కాదంటే బాగుండదు. సకినాల సంచిలో ఏమున్నాయో విప్పి చూడటం మరీ బాగుండదు. కానీ మనం మసాలాలో వేసుకునే గసగసాలు అరబ్ ఎమిరేట్స్‌లో, సౌదీలో నిషేధం. ఇక్కడ కిరాణా కొట్లో దొరికే గుప్పెడు గింజలు అక్కడ మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలక్కూడా ముందుగా అనుమతి కావాలి. అక్కడి కస్టమ్స్‌వాళ్లకు పొట్లం ఎవరిచ్చారన్నది అనవసరం. పెట్టె ఎవరిదన్నదే లెక్క. "ఈ పెట్టె మీరే సర్దుకున్నారా?" అని విమానాశ్రయం కౌంటర్లో మామూలుగా అడిగే ప్రశ్నకు మనం అలవాటుగా తలూపేస్తాం. ఆ తలూపుడు మీద ఒక మనిషి జీవితం ఆధారపడి ఉంటుంది.

తమ్ముడు ఆ విషయంలో చాలా కచ్చితం. "ఏమనుకోకు వదినె, నా కండ్ల ముందల ఇప్పు" అనేవాడు. విప్పి, చూసి, మళ్లీ కట్టి, పెట్టెలో పెట్టి, అప్పుడు తాళం వేసేవాడు. తాళం వేశాక కన్నతల్లి తెచ్చిచ్చినా మళ్లీ తెరిచేవాడు కాదు. పక్కింటావిడ ఒకామె దీనికి అలిగి ఏడాదిపాటు అతనితో మాట్లాడలేదు. ఆ ఏడాది సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ అతని గొంతు కాస్త తగ్గుతుంది. పద్ధతి మాత్రం మార్చుకోలేదు.

తాళం వేసినా పెట్టె తెరవాల్సిన సందర్భాలు ఉంటాయి. పవర్‌బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు విమానంలో చేతిసంచిలోనే ఉండాలి. చెకిన్ పెట్టెలో కనబడితే పిలిచి తీయిస్తారు, లేదా పెట్టె ఆగిపోతుంది. పెట్టె పగిలి వచ్చినా, తేలికై వచ్చినా విమానాశ్రయం దాటకముందే ఎయిర్‌లైన్స్ కౌంటర్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి కాగితం తీసుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, దెబ్బతిన్న సామానుకైతే చేతికందిన 7 రోజుల్లోగా, ఆలస్యంగా వచ్చినదానికైతే 21 రోజుల్లోగా క్లెయిము పెట్టాలి. 2024 డిసెంబరు 28 నుంచి ఆ ఒప్పందంలో పరిహారం గరిష్ఠ పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు. మన రూపాయల్లో లక్షన్నర పైమాటే. పెట్టెలో అంతకు మించి బంగారం పెట్టినవాళ్లకు అది ఏ మూలకు?

రైలు సంగతి ఇంకా ఘోరం. 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం, మనతోపాటు తీసుకెళ్లే సామాను పోతే రైల్వేవాళ్ల నిర్లక్ష్యం వల్లే పోయిందని నిరూపించాల్సింది మనమే. ఒక ప్రయాణికుడు నడుముకు కట్టుకున్న బెల్టులోంచి లక్ష రూపాయలు పోయిన కేసులో, దొంగతనాన్ని రైల్వే సేవాలోపంగా చూడలేమని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దేవగిరిలో బెర్తు కింద ఇనుప రింగుకు గొలుసు వేసి తాళం బిగించడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. గొలుసు గట్టిదని కాదు. రెండు నిమిషాలు పడుతుందంటే దొంగ పక్క బెర్తు చూసుకుంటాడు, అంతే.

మరి ఓడ?

ఓడకు ఒక సుగుణం ఉంది. మధ్యలో స్టేషన్లుండవు. ఎత్తుకుపోయినవాడు దిగిపోవడానికి సముద్రం తప్ప ఏమీ ఉండదు. గదికి తలుపుంది, గదిలో నంబరుతో తెరుచుకునే చిన్న ఇనప్పెట్టె ఉంది. పెట్టె మన కంటికి దూరంగా ఉండేది రెండుసార్లే... ఎక్కేరోజు కొన్ని గంటలు, దిగే ముందు ఒక రాత్రి. ఆ రెండుసార్లూ తాళం వెయ్యొచ్చు, వెయ్యడమే మంచిది. కానీ ఎక్కేటప్పుడు ప్రతి పెట్టెనూ ఎక్స్‌రే యంత్రంలో చూస్తారు. ఓడలో అందరికన్నా భయపడేది నిప్పుకు. ఇస్త్రీ పెట్టెలు, వేడి పుట్టించే తీగలు కనబడితే పెట్టె పక్కన పెట్టేస్తారు.

బోధన్ పెట్టెల్లో ఒకటి సరిగ్గా అలాగే ఆగింది. మొదటిది గదికొచ్చింది, రెండోది రాలేదు. గంట గడిచింది. ఆయన అప్పటికే పెట్టె పోయిందని తీర్మానించి, అందులో ఉన్నవాటి ధరలు కాగితం మీద వేస్తున్నారు. ఇంతలో కిందికి రమ్మని ఫోను. వెళ్తే, పెట్టెను ముందుపెట్టి తాళం తియ్యమన్నారు. తీస్తే చీరల మధ్య నీళ్లు కాచుకునే కరెంటు రాడ్డు! "గోవల వేడినీళ్లు ఉంటయో లేవో అని..." అందావిడ. రాడ్డును పేరు రాసుకుని పక్కన పెట్టారు, దిగేటప్పుడు తిరిగిచ్చారు. తాళం ఉందని ఎవరూ విరగ్గొట్టలేదు. పిలిచి, ఆయన చేతనే తీయించారు.

ఆ దెబ్బతో ఆయనకు తూకం తేలిపోయింది. చివరి రాత్రి పెట్టెల్ని వరండాలో పెట్టేముందు లోపల బట్టలు తప్ప ఏమీ లేకుండా చూసుకున్నారు. బీపీ మాత్రలు, కళ్లజోళ్లు, ఆధార్ కార్డులు, ఫోన్లు, డబ్బు, ఆవిడ గొలుసు... అన్నీ చేతిసంచిలోకి మారాయి. మర్నాడు పొద్దున కట్టుకునే బట్టలు కూడా! ఇది నవ్వులాట కాదు. ఉన్న ప్యాంట్లన్నీ పెట్టెలో సర్ది బయట పెట్టేసి, తెల్లారి లుంగీతో ఓడ దిగినవాళ్ల కథలు ఓడ ప్రయాణికులు ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉంటారు. తర్వాత రెండు జిప్పుల్నీ కలిపి నంబరు తాళం బిగించారు. మూడు సున్నాలు కాదు. అంకెలేమిటో భార్యకు కూడా చెప్పలేదు. రేవులో ఒకే రంగు పెట్టెలు వందల కొద్దీ వరసగా నిలబడి ఉంటే, ఆవిడ హ్యాండిలుకు కట్టిన పసుపు గుడ్డ పీలిక చూసి తమవి పట్టుకున్నారు.

ఇంటికొచ్చాక ఈ కథంతా విన్న పక్కింటి భాయ్‌సాబ్ నవ్వారు. ముంబై నుంచి జెడ్డాకు హజ్ ఓడలు తిరిగిన కాలంలో వాళ్ల నాన్న వెళ్లొచ్చారు. (1995 తర్వాత ఆ ఓడలు ఆగిపోయాయి, అందరూ విమానాల్లోనే.) దాదాపు వారం సముద్రం మీద. బియ్యం, పప్పు, పరుపు, చివరికి తన కఫన్ గుడ్డ కూడా ఒకే ట్రంకు పెట్టెలో సర్దుకుని పోయారట. తిరిగి రాకపోవచ్చన్న లెక్కతో పోయే ప్రయాణం కదా మరి. పెట్టె మూత మీద తెల్ల రంగుతో పేరు, కింద 'బోధన్, జిల్లా నిజామాబాద్' అని పెయింటరు చేత రాయించుకున్నారు. అలీగఢ్ తాళం ఒకటి వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు.

ఆ పెట్టె భాయ్‌సాబ్ ఇంట్లో ఇప్పటికీ ఉంది. చలికాలం దుప్పట్లు పెట్టుకుంటారు. తెల్లక్షరాలు సగం చెరిగినా ఊరి పేరు చదవొచ్చు. తాళం మాత్రం ఎప్పుడో తీసుకెళ్లి కోళ్లగూటికి వేశారట.