బమ్రోలి సాంచాల మధ్య ఒక షుగర్ పుస్తకం

సూరత్‌లో ఉధ్నా దాటి పాండేసరా వైపు వెళ్తే బమ్రోలి వస్తుంది. ఏ సందులో చూసినా సాంచాల, అంటే మరమగ్గాల షెడ్లే. సిరిసిల్లలో వినిపించే చప్పుడే ఇక్కడా. లోపలికెళ్తే మాటలన్నీ సైగలే. పనివాళ్లలో ఒడిశాలోని గంజాం జిల్లా వాళ్లు ఎక్కువ. తెలంగాణ పద్మశాలీలూ తరాలుగా ఈ నగరాన్ని నమ్ముకుని బతుకుతున్నారు. ఒంట్లో షుగర్ పెట్టుకుని పన్నెండు గంటల షిఫ్టు చేసేవాళ్లు ఏం తింటున్నారో, తిన్నది వాళ్లనేం చేస్తోందో చూద్దామని వెళ్లాను.

సాంచాలు బాగుచేసే జాబరుగా ఉన్న సిరిసిల్ల పెద్దాయన షిఫ్టు దిగి, సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. వేలికి పండు రసం అంటి ఉన్నా మీటరు అంకె తప్పు చూపిస్తుంది మరి. టిఫిన్ సంచిలోంచి గ్లూకోమీటరు, అట్ట ఊడిన పొడుగు పుస్తకం తీశాడు. వేలి కొసకు ఓ పక్కగా పొడిస్తే చుక్క రక్తాన్ని స్ట్రిప్పు లాక్కుంది. పుస్తకంలో ఎడమవైపు తిన్నది, కుడివైపు రెండు గంటల తర్వాతి అంకె. అన్నిటికంటే పెద్ద అంకె ఏకాదశి నాటిది.

“ఒక్కపొద్దుంటి సార్, తీపి ముట్టలె. మరి గింత ఎట్ల పెరిగింది?”

ఆ రోజు తిన్నది సాబుదానా కిచిడీ, ఆలుగడ్డ వేసి. సాబుదానా, అంటే సగ్గుబియ్యం, కర్రపెండలం నుంచి తీసిన పిండిపదార్థమే. వంద గ్రాముల్లో దాదాపు 87 గ్రాములు అదే. పీచు, మాంసకృత్తులు లేనట్టే. కడుపులో పడగానే గ్లూకోజుగా మారిపోతుంది. ఉపవాసమని తిన్న పళ్లెం పండగ భోజనాన్ని మించిపోయింది. చేతికి తేలిగ్గా తగిలే అటుకులు, మరమరాలూ ఇలాంటివే.

పుచ్చకాయది వేరే కథ. తియ్యగా ఉంటుందని ఆయన పూర్తిగా మానేశాడు. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె గ్లైసెమిక్ ఇండెక్స్. కొన్ని పట్టికల్లో పుచ్చకాయకు అది 70 పైనే. కానీ వంద గ్రాముల ముక్కలో పిండి, చక్కెర కలిపి ఎనిమిది గ్రాముల లోపే, మిగిలిందంతా దాదాపు నీళ్లు. రెండు ముక్కలకు భయపడి, షుగర్ లేదని రాసిన మైదా బిస్కెట్లు పొట్లం ఖాళీ చేయడం నాకు బాధనిపించింది.

ఈ ఇండెక్స్‌ను 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 62 రకాల ఆహారాలతో తయారుచేసింది. అందులో ఐస్‌క్రీమ్ కంటే ఆలుగడ్డ అంకె పెద్దది! ఐస్‌క్రీమ్‌లో లాగా కొవ్వు ఉన్నచోట అరుగుదల నెమ్మదిస్తుంది. అలాగని నూనె, నెయ్యి దిట్టంగా పడ్డ భోజనం మంచిదని కాదు. రెండు గంటలకు బాగానే కనిపించి, నాలుగో గంటకు అంకె పైకెక్కొచ్చు.

వాళ్ల గదికి వెళ్తే ఆయన భార్య జొన్నరొట్టె, పప్పు పెట్టింది. “పొద్దుగాల రాగిజావ తాగిపిస్తున్న అన్నా, అది మంచిదేనా?” అనడిగింది. రాగులు మంచివే. మెత్తగా పట్టించిన పిండిని పలచగా కాచి తాగితే మాత్రం గబగబా అరిగి రక్తంలో కలుస్తుంది. గింజ ఎంత నలిగితే అంత తొందర. సూరత్ వాళ్ల లోచో శనగపప్పు నానబెట్టి రుబ్బి ఆవిరిపై ఉడికించేది. పైన నూనె, సేవ్ తగ్గిస్తే అటుకుల కంటే అదే నయం. కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తింటే అదే పళ్లెంతో అంకె తగ్గుతుంది. తిన్నాక కాసేపు నడిచినా అంతే.

ఇంత చెప్పినా అందరికీ ఒకే లెక్క కుదరదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2015లో డయాబెటిస్ లేని 800 మందిని పరిశీలిస్తే, ఒకే తిండికి ఒక్కొక్కరిలో ఒక్కోలా చక్కెర పెరిగింది. రాత్రి పాళీ వాళ్లకు ఇంకో చిక్కుంది. అదే అన్నం పగటికంటే రాత్రి చక్కెరను ఎక్కువ పెంచుతుంది.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే తినేముందు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి చూసి, తిన్నదాని పక్కనే అంకె రాయమనండి. ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టండి. మందుల మోతాదు సొంతంగా మార్చొద్దు. ఇన్సులిన్ తీసుకుని, తిండి మానేసి సాంచా దగ్గర నిలబడితే షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడే ప్రమాదముంది. షెడ్ల యజమానులకు నా విన్నపం ఒక్కటే: మందుల పెట్టెలో ఒక గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, గుప్పెడు పంచదార ఉంచండి.