కువైట్‌లో ఒక శుక్రవారం

గత జనవరిలో, దేవుని కృపవలన, నేనూ నా భార్యా కువైట్ వెళ్ళి ఒక నెల ఉండి వచ్చాము. మా అబ్బాయి అక్కడ ఒక కంపెనీలో లెక్కలు రాస్తాడు. కొడుకును చూడాలని ఆమె బయలుదేరింది. నాకు మరొక పని కూడా పడింది. రాజోలు దగ్గరుండే మా చెల్లెలి కూతురు ప్రయాణానికి ముందురోజు వచ్చి, "మావయ్యా, నేనూ ఇంటిపనికి అక్కడికే వెళ్దామనుకుంటున్నాను. నువ్వు చూసొచ్చి చెప్పు. వద్దంటే మానేస్తాను" అంది. ఇల్లు కట్టిన అప్పు మూడున్నర లక్షలుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆరేళ్ళ పిల్లవాడున్నాడు.

మన కోనసీమలో ఇది కొత్త సంగతి కాదు. రాజోలు, అమలాపురం వైపు గల్ఫ్ డబ్బుతో లేచిన డాబాలు ఎన్నో ఉన్నాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాలలో ఇంటికి చేర్చారు. మా వీధి అతను ఒకడు అప్పుడు చేతిసంచితో దిగాడు. "ఇక చచ్చినా వెళ్ళను" అన్నవాడు రెండేళ్ళు తిరగకుండానే మళ్ళీ వెళ్ళాడు. దినారు లాగుడు అలాంటిది మరి! నేడు ఒక దినారు మూడు వందల రూపాయలకు దగ్గరగా ఉంది.

మేము వెళ్ళింది చలికాలం గనుక హాయిగానే గడిచింది. ఎండకాలం సంగతి వేరు. 2016 జూలై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయింది.

శుక్రవారం అక్కడ సెలవు, ఆరాధన కూడ ఆ రోజే. నగరం నడిబొడ్డున నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణ ఉంది. పాత ఆలయం 1931లో కట్టినది. ఒక గదిలో అరబీ, ఒక గదిలో మలయాళం, మరొక గదిలో తమిళం. వరండాలో నడుస్తుంటే ఒక తలుపు వెనుకనుండి తెలుగు పాట వినబడింది. నా భార్య అక్కడే ఆగి కళ్ళు తుడుచుకుంది.

ఆరాధన తరువాత పులిహోర పంచుతూ ఒక సహోదరి మాట కలిపింది. భీమవరం పక్క. "పదహారేళ్ళయింది అన్నయ్యగారూ. రెండేళ్ళకని వచ్చాను. మొదట ఇంటి స్లాబు కోసం, తరువాత అమ్మాయి పెళ్ళి, ఇప్పుడు అబ్బాయి చదువు." ఎలీమెలెకు కుటుంబం కూడ కరవు తీరేదాకా అని మోయాబుకు వెళ్ళి పదేళ్ళు ఉండిపోయింది గదా అనుకున్నాను. ఆమె మనవరాలు ఫోనులో తనను "కువైట్ అమ్మమ్మ" అంటుందట. నవ్వుతూనే చెప్పింది.

ఇంకొకామె ఏమీ తినకుండానే లేచింది. నెలకు ఒక్క శుక్రవారమే బయటికి పంపుతారట. పన్నెండింటికి యజమాని కారు వస్తుంది. పాస్‌పోర్టు ఎక్కడుందని అడిగాను. "మామా దగ్గరుంది" అంది. మామా అంటే ఇంటి యజమానురాలు. నిజానికి ఇంటిపనివారి కోసం 2015లో చేసిన 68వ చట్టం ప్రకారం పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దాచకూడదు; రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు; వారానికొక సెలవు ఇవ్వాలి. 2016లో కనీస జీతం 60 దినారులని కూడ నిర్ణయించారు. చట్టం మంచిదే. నాలుగు గోడల మధ్య ఆమె తరఫున అది చదివి వినిపించేవారెవరు?

అయితే అందరి గతీ అదే అనను. అక్కడే ఒక నర్సును, ఇద్దరు డ్రైవర్లను చూశాను, సుఖంగా ఉన్నారు. మా అబ్బాయికీ ఏ లోటూ లేదు. కాని కోడలిని తీసుకువెళ్ళలేకపోయాడు. కుటుంబాన్ని ఉంచుకోవాలంటే నెలకు కనీసం 800 దినారుల జీతముండాలని 2024లో నిబంధన పెట్టారు. ఎన్నేళ్ళు కష్టపడినా అది మన ఊరు కాదు. ముస్లిములు కానివారికి కొత్తగా పౌరసత్వం ఇవ్వరాదని 1982లోనే చట్టం సవరించారు. అమెరికా వెళ్ళినవారి లెక్క వేరు, ఇది వేరు. ఇక్కడికి కాపురానికి కాదు, గడువు పెట్టుకుని వెళ్ళాలి. ఆ గడువు ఎవరూ పెట్టుకోవడం లేదన్నదే నాకు కనిపించిన పెద్ద నష్టం.

తిరిగి వచ్చిన మరునాడే మేనకోడలు వచ్చింది. ఇద్దరం కాగితం ముందేసుకుని కూర్చున్నాము. పిల్లవాడి ఖర్చుకు నెలకు ఐదు వేలు తీసి లెక్క వేశాము. ఏజెంటు చెప్పిన 120 దినారులు నిజమైతే వడ్డీతో సహా అప్పు ఏడాదింపావులో తీరుతుంది. 60 దినారులే ఇస్తే నాలుగేళ్ళకు దగ్గర పడుతుంది. పిల్లవాడికి పదేళ్ళు వస్తాయి. ఆమె ఆ అంకె చుట్టూ పెన్నుతో గీస్తూ కూర్చుంది.

"ఏజెంటు ముందు దుబాయికి విజిట్ వీసా మీద పంపుతానన్నాడు మావయ్యా, అక్కడినుండి కువైట్‌కట."

అది మాత్రం వద్దే వద్దన్నాను. ఆమె పదో తరగతి తప్పింది. పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ తనిఖీ ముద్ర ఉంది. అలాంటివారు ప్రభుత్వ అనుమతితో, ఒప్పందపత్రంతో వెళ్ళాలి. ఇంటిపనికైతే స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండాలి. ఆమెకు ఈ మధ్యనే నిండాయి. ఆ దారిన వెళ్తే పది లక్షల బీమా ఉంటుంది. దొడ్డిదారిన వెళ్ళినవారికి ఏ కాగితమూ ఉండదు.

"అంటే వెళ్ళమనేనా, వద్దనేనా?" అని అడిగింది. నేను వెంటనే చెప్పలేకపోయాను. సోమవారం ఇద్దరం కలిసి ఏజెంటు దగ్గరికి వెళ్తున్నాము, ఒప్పందం కాగితం చూపించమని అడగడానికి. అందులో జీతం ఎంత రాశాడో ముందు చూడాలి.