మంచం కింద ఎవరున్నారు?

కన్యాశుల్కంలో గిరీశం మధురవాణితో కబుర్లాడుతుంటే మంచం కింద రామప్ప పంతులు నక్కి ఉంటాడు. ఆ సంగతి గిరీశానికి తెలీదు. మధురవాణికీ మనకీ తెలుసు. అందుకే మాట ఒకరితో ఆడినా, వినేది ఇద్దరు.

నేను దోహాలో ఒక నిర్మాణ కంపెనీలో టైమ్‌కీపర్ని. రాత్రుళ్లు కథలు రాస్తాను. సంభాషణ దగ్గరికొచ్చేసరికి పాత్రలు ఏం మాట్లాడాలన్నది తర్వాత, పక్కనుండి వింటున్నదెవరో ముందు తేల్చుకుంటాను.

సనయ్యాలో, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో, ఆ వినేవాళ్లకు కొదవ లేదు. క్యాంపులో గదికి నలుగురికి మించకూడదని నిబంధన. సరే, నలుగురే ఉన్నారనుకుందాం. ఒకడు ఇంటికి ఫోన్ చేస్తే ముగ్గురు వింటారు. ఇక్కడ రాత్రి ఎనిమిదంటే జగిత్యాలలో పదిన్నర. పిల్లలు నిద్రపోయి ఉంటారు, అత్తగారు మాత్రం మేలుకునే ఉంటుంది. ఇక మొగుడూ పెళ్లాలు మనసు విప్పి మాట్లాడుకునేదెక్కడ?

నా కథలో ఒకతనికి రెండు నెలలుగా జీతం లేదు. కిరాణా కొట్లో ఖాతా రాయించుకునే చోటే ఆ విషయం పాఠకుడికి చెప్పేశాను. ఆ తర్వాత ఫోను:

‘తిన్నవా?’

‘తిన్న.’

‘ఏం కూర?’

‘పప్పు.’

‘మొన్న గూడ పప్పే అంటివి.’

‘ఎండలు గద, పప్పే మంచిది.’

‘అత్తమ్మ గోలీలు అయిపోయినయి.’

‘మందుల షాపాయన తెల్సినోడే గద.’

‘తెల్సినోడే. ఆయనే అడుగుతుండు, మీ ఆయన మంచిగున్నడా అని.’

‘మంచిగున్నడని చెప్పు.’

ఒక సంపాదకుడు దీన్ని చదివి, ‘జీతం రాలేదని ఒక్కసారైనా అనిపించండి’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. అతను ఆ మాటంటే గదిలో ముగ్గురి ముందు తల వంచినట్టే. ఆమె అడిగితే అత్తగారి ముందు మొగుడి పరువు తీసినట్టే. కాబట్టి అప్పు సంగతి షాపాయన పరామర్శలో దూరింది. పప్పు గురించి ఆమె వేసిన ప్రశ్న కూడా నిజానికి జీతం గురించే. ఆమెకు అనుమానం తగిలిందని అతనికీ తెలుసు, అందుకే ఎండల్ని అడ్డం పెట్టుకున్నాడు. కథలో ఎక్కడా ‘అతను అబద్ధమాడాడు’ అని రాయలేదు. రాస్తే పాఠకుడికి చేయడానికి పనే ఉండదు.

ఇమో వీడియో కాల్ వచ్చాక రచయితకు కొత్త చిక్కొచ్చింది. గొంతును అదుపులో పెట్టుకోవచ్చు గానీ మొహాన్ని దాచలేం. నా పాత్రలు ‘నెట్ సరిగ్గ లేదు’ అని కెమెరా ఆపేస్తాయి. దోహాలో నెట్ బాగానే ఉంటుందని ఆ భార్యలకూ తెలుసు.

రాసింది నిలుస్తుందా లేదా చూడటానికి వినేవాళ్లను గదిలోంచి పంపించేసి మళ్లీ చదువుతాను. మాటలేవీ మారనక్కర్లేదనిపిస్తే ఆ పేజీ చించేయడమే. పై కథలో అత్తగారు లేచి నీళ్లు తాగడానికి వెళ్తే, భార్య సూటిగా అడిగేస్తుంది: ‘ఎన్ని నెలలైంది?’ దానికి అతను ఏమంటాడో ఇంకా రాస్తూనే ఉన్నాను. అవతల ముగ్గురు రూమ్మేట్లు అలాగే ఉన్నారు మరి.