మంచు కోసం వెళ్లిన మేము

పల్నాటి వేసవిని చవిచూసిన వారికి మంచు మీద మక్కువ ఎందుకు కలుగుతుందో వివరించనక్కరలేదు. రాష్ట్రంలో ఎండలు ముదిరాయంటే వార్తల్లో ముందుగా వినిపించే పేర్లలో మా రెంటచింతల ఒకటి. ఆ ఊళ్లో పుట్టి, కోడలిగా నరసరావుపేటకు వచ్చిన మా అమ్మీ తన అరవై ఎనిమిదేళ్ల జీవితంలో తన కోసమంటూ కోరింది ఒక్కటే: ఆకాశం నుండి రాలే మంచును ఒకసారి అరచేత పట్టాలని. తొమ్మిదో తరగతి చదివే పెద్దబ్బాయి కోరిక వేరు. వాడికి స్కీయింగ్ నేర్చుకోవాలని ఉబలాటం. మూడేళ్లుగా నెలనెలా పక్కన పెట్టిన సొమ్ముతో 2024 సంక్రాంతి సెలవులకు ప్రయాణం తలపెట్టాము. ఉత్తరాఖండ్‌లోని ఔలీకి వెళ్లాలా, కశ్మీరులోని గుల్‌మర్గ్‌కు వెళ్లాలా అన్నదే తేలలేదు.

ఒక రాత్రి ఇషా నమాజు తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని మష్వరా చేశాము. పెద్దబ్బాయి ఔలీ పక్షం వహించాడు. అక్కడి వాలు కొత్తగా నేర్చుకునేవారికి అనువైనదనీ, గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారు శిక్షణ ఇస్తారనీ, ఎదురుగా నందాదేవి శిఖరం కనిపిస్తుందనీ చెప్పాడు. అవన్నీ నిజాలే. అయితే ఔలీ చేరాలంటే రిషికేశ్ నుండి జోషీమఠ్ వరకు సుమారు 250 కిలోమీటర్ల కొండదారి ఉంది. అమ్మీ మోకాళ్లకు అది పరీక్షే. అంతకంటె మమ్మల్ని ఆపిన విషయం మరొకటి ఉంది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి, 800కు పైగా కట్టడాలు బీటలు వారాయి. ఎన్నో కుటుంబాలు ఇళ్లు విడిచి వెళ్లాయి. అక్కడి నుండి ఔలీకి వెళ్లే రోప్‌వే కూడా ఆగిపోయింది. అటువంటి ఊరి మీదుగా విహారానికి వెళ్లడానికి మా మనసు ఒప్పలేదు.

"మనం వెళ్లకపోతే వాళ్ల కష్టం తీరుతుందా అబ్బా?" అని అడిగాడు పెద్దబ్బాయి. ఆ రాత్రి మా వద్ద జవాబు లేకపోయింది.

గుల్‌మర్గ్ విషయంలో లెక్క సులువుగా తేలింది. శ్రీనగర్ విమానాశ్రయం నుండి అది రెండు గంటల దారి. హలాల్ భోజనానికి, మసీదుకు వెతుకులాట ఉండదు. ఎత్తు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే. గుల్‌మర్గ్ సుమారు 8,700 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి గొండోలా మొదటి దశలో కొంగ్‌డోరీకి, రెండో దశలో సుమారు 13,000 అడుగుల ఎత్తున ఉన్న అఫర్వత్‌కు చేరుస్తుంది. అమ్మీకి ఉబ్బసం ఉన్నందున మొదటి దశ దాటవద్దని వైద్యులు చెప్పారు. ఇంట్లో ముందుగా అలసిపోయే మనిషి ఎవరో, ఆ మనిషి ఓపికను బట్టే దారి ఎంచుకోవాలని నిశ్చయించాము. పెద్దబ్బాయి కూడా దాదీ ముఖం చూసి సరేనన్నాడు.

జనవరి వచ్చింది. కశ్మీరులో నలభై రోజుల గడ్డు చలికాలమైన చిల్లై కలాన్ నడుస్తున్నా గుల్‌మర్గ్‌లో మంచు పడలేదన్న వార్తలు మొదలయ్యాయి. తెల్లగా ఉండవలసిన మైదానం ఎండుగడ్డితో ఉన్న ఫొటోలు చూసి మా ఉత్సాహం నీరుగారింది. ఔలీలో కూడా ఆ జనవరిలో మంచు కరువే. ప్రయాణం మానుకుందామని అనుకుంటుండగా అమ్మీ అన్నారు: "పంట పండలేదని చుట్టాలింటికి వెళ్లడం మానేస్తామా?"

వెళ్లాము. ఫొటోల్లో చూసినదే కళ్లెదుట కనిపించింది. స్లెడ్జి బండ్లవారు, గుర్రాలవారు, స్కీయింగ్ నేర్పేవారు కాంగ్రీ కుంపట్లను ఫెరన్‌ల లోపల పట్టుకుని ఊరకే కూర్చున్నారు. వారిలో ఒక నడివయసు గైడు మాతో మాట కలిపాడు. శీతాకాలపు సంపాదనతోనే తన ఇంట ఏడాది గడుస్తుందని చెప్పాడు. మంచు కరిగితేనే వాగులు పారతాయని, వరి మడికీ ఆపిల్ తోటకూ ఆ నీరే ఆధారమని వివరించాడు. మాకు సాగర్ కుడి కాలువ గుర్తుకు వచ్చింది. 2023లో వానలు మొహం చాటేసి, కృష్ణమ్మ జలాశయాలు నిండక, మిర్చి రైతు కాలువ వంక చూస్తూ కూర్చున్న రోజులు మా కళ్ల ముందు మెదిలాయి. మాకు వినోదమైన మంచు అతనికి పంట అని అప్పుడు తెలిసింది.

ఆ రోజంతా అతన్ని వెంట ఉంచుకున్నాము. కొంగ్‌డోరీ వరకు గొండోలాలో వెళ్లి వచ్చాము. స్కీ బూట్లు తొడిగి, మోకాళ్లు ఎలా వంచాలో, బరువు ఏ కాలిపై మోపాలో గడ్డి మీదనే నేర్పాడు. సాయంత్రం పూర్తి కూలి ఇవ్వబోతే, "మంచే లేదు కదా, ఇంత ఎందుకు?" అని చేయి వెనక్కు తీసుకున్నాడు. "నీ రోజు ఇచ్చావు బేటా, మంచుకు కాదు కదా మేము ఇచ్చేది" అన్నారు అమ్మీ. అప్పుడు పుచ్చుకున్నాడు. తన ప్రశ్నకు జవాబు పెద్దబ్బాయికి అక్కడ దొరికిందనుకుంటాము.

శుక్రవారం నమాజు తరువాత మసీదులో మంచు కోసం దుఆ చేశారు. మా పల్నాటిలో వాన కోసం చేతులు ఎత్తిన రోజుల్లో వినిపించిన వేడుకోలే అది. బసకు తిరిగి వచ్చి చెప్పగానే అమ్మీ కూడా చేతులు ఎత్తారు. చాలాసేపు దించలేదు.

మేము తిరిగి వచ్చాక, జనవరి చివరి రోజుల్లో గుల్‌మర్గ్‌లో మంచు కురిసింది. ఫిబ్రవరి 21 నుండి 25 వరకు ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు కూడా అక్కడ జరిగాయి. ఆ గైడు పంపిన వీడియోలో అతని టోపీ మీద, భుజాల మీద తెల్లని మంచు. పెద్దబ్బాయి మొహం చిన్నబోయింది. రెండు వారాలు ఆగి ఉంటే దాదీ కోరిక తీరేదన్నాడు.

అమ్మీ ఆ వీడియోను రెండుసార్లు చూశారు. అల్‌హమ్దులిల్లాహ్ అని, ఫోను మా చేతికి ఇస్తూ అడిగారు: "కనుక్కోండి, అతనికి పని దొరికిందా?"