పెంచడం తేలికే

సావనీరుకి ఏదైనా రాసిమ్మని మా యూనియన్ సెక్రటరీ వారం రోజులుగా వెంటపడుతున్నాడు. కవిత్వం నావల్ల కాదు, కథ అసలే కాదు. "పోనీ, నీ ప్రాజెక్టు గురించే రాయరా" అన్నాడు విసిగిపోయి. సరే, రాస్తున్నాను. ఎలక్ట్రానిక్స్ చదవని మిత్రులు కంగారు పడనక్కర్లేదు. ఇందులో సమీకరణాలు లేవు. మా నాన్న ఉన్నాడు.

నా ప్రాజెక్టు వేరియబుల్ గెయిన్ యాంప్లిఫయర్. అంటే అవసరాన్ని బట్టి గెయిన్ మార్చుకోగలిగే యాంప్లిఫయర్ అన్నమాట. రేడియో కానివ్వండి, సెల్‌ఫోను కానివ్వండి, రిసీవర్‌కి ఇది లేకపోతే గడవదు. టవర్ పక్కన నిలబడితే వచ్చే సిగ్నల్‌కీ, ఊరవతల పొలం గట్టు మీద అందే సిగ్నల్‌కీ 70 డెసిబెల్స్ తేడా ఉండొచ్చు. అంకె చూస్తే చిన్నదే. శక్తిలో లెక్క కడితే కోటి రెట్లు! నీరసంగా వచ్చినదాన్ని బాగా పెంచాలి, బలంగా వచ్చినదాన్ని అదుపులో పెట్టాలి. బయటికి వెళ్ళేది మాత్రం ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండాలి. రేడియోలో ఈ పని దానంతటదే జరిగే ఉపాయాన్ని 1925లోనే హెరాల్డ్ వీలర్ అనే అమెరికన్ ఇంజనీరు కనిపెట్టాడు.

ఇదంతా మొదట్లో నా బుర్రకెక్కలేదు. యాంప్లిఫయర్ అంటే పెంచేది. ఎంత పెంచితే అంత గొప్ప అనుకునేవాణ్ణి. ఆ తెలివితోనే మూడో ఏడు స్కాలర్‌షిప్ డబ్బు చేతికి రాగానే నాన్నకి చెవిలో పెట్టుకునే చవకరకం మిషనొకటి కొనుక్కెళ్ళాను. రైసుమిల్లు హోరులో ముప్పయ్యేళ్ళు పనిచేసి ఆయన చెవులు దెబ్బతిన్నాయి. రెండ్రోజులు పెట్టుకుని, తీసి ట్రంకుపెట్టెలో పెట్టేశాడు.

"వంటింట్లో గిన్నె జారితే పిడుగు పడ్డట్టుందిరా. నాకొద్దు."

"వినపడదంటావు, వినపడేలా చేస్తే వద్దంటావు!" అని ఇంటి కప్పెగిరిపోయేలా అరిచాను.

"అరవకురా, వినపడుతోంది" అన్నాడు నెమ్మదిగా.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆఖరి ఏడు ల్యాబులో ట్రాన్సిస్టర్ల జత ఒకటి పెట్టి 455 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఇచ్చాను. ఆ జతకి కింది నుంచి ఎంత కరెంటిస్తే అంత గెయిన్. ఔట్‌పుట్ ఎంతుందో కొలిచి, దాన్నిబట్టి ఆ కరెంటుని సర్దే లూపు కట్టాను. స్విచ్చి వేశాక మొదలైంది అసలు తతంగం. పెద్ద సిగ్నలిస్తే ఔట్‌పుట్ ఊగిసలాడుతుంది. చిన్న సిగ్నలిస్తే ఎడ్లబండిలా ఎప్పటికో దారికొస్తుంది. ఒకదాన్ని సరిచేస్తే రెండోది చెడుతుంది. వారం రోజులు నిద్ర లేదు.

మా గైడు మాస్టారు స్కోపు కేసి కాసేపు చూసి, "నువ్వు కూడుతున్నావయ్యా, గుణించాలి" అన్నారు. గెయిన్ పది ఉన్నప్పుడు ఇంకో పది కలిపితే రెట్టింపవుతుంది. వెయ్యి ఉన్నప్పుడు పది కలిపితే ఎవరికి తెలుస్తుంది? కంట్రోల్ వోల్టేజి సమానమైన మెట్లుగా పెరిగితే, గెయిన్ మెట్టుకిన్ని రెట్లు చొప్పున పెరగాలి. అప్పుడే సిగ్నల్ చిన్నదైనా పెద్దదైనా లూపు ఒకే వ్యవధిలో కుదురుకుంటుంది. ఆ గుణం ట్రాన్సిస్టర్‌కి పుట్టుకతోనే ఉంది. మామూలు గది వేడిలో బేస్ దగ్గర సుమారు 60 మిల్లీవోల్టులు పెంచితే కరెంటు పదిరెట్లవుతుంది. నేనే ఎమిటర్‌లో రెసిస్టరు పెట్టి ఆ గుణాన్ని చంపేశాను! దాన్ని పీకేసి, కంట్రోల్ వోల్టేజిని బాగా తగ్గించి బేస్‌కిచ్చాను. లూపు బుద్ధిగా కూర్చుంది. (చిప్పుల్లో వాడే మాస్‌ఫెట్‌కి మామూలుగా ఈ గుణం ఉండదు. అక్కడి డిజైనర్లు దీన్ని లెక్కలతో ఇంచుమించుగా సాధిస్తారు.)

ఆ రాత్రి సరదాకి లూపు ఊడదీసి, గెయిన్ పైకి కట్టేసి, పెద్ద సిగ్నలిచ్చి చూశాను. స్కోపు మీద అల తల తెగిపోయి మొండెంలా నిలబడింది. చప్పున వంటింట్లో జారిన గిన్నె గుర్తొచ్చింది.

హోరుకి దెబ్బతిన్న చెవికి చిన్న చప్పుళ్ళు అందవు. పెద్దవి మాత్రం మనకెంత పెద్దగా వినిపిస్తాయో దానికీ దాదాపు అంతే. ఆ రెంటికీ మధ్య ఉన్న చోటే ఇరుకు. నేను కొన్న మిషను గిన్నె చప్పుణ్ణీ, అమ్మ మాటనీ ఒకే రకంగా పెంచింది. నా అరుపూ అంతే. మాస్టారికి స్కోపు మీద కనబడిన తప్పుని నాన్న ఏడాది ముందే చెవితో పట్టేశాడు. నేనే వినలేదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయన్ని పట్నం తీసుకెళ్ళి చెవులకి పరీక్ష చేయించాను. చిన్న మాటని ఎక్కువా, పెద్ద చప్పుణ్ణి తక్కువా పెంచేలా ఆయన చెవికి తగ్గట్టు సర్ది కొత్త మిషనిచ్చారు. దాన్ని తీయడం లేదని అమ్మ చెప్పింది.

పాతది ఇంకా ట్రంకుపెట్టెలోనే ఉంది. పారేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు.

"నువ్వు కొన్నది కదరా" అన్నాడు.