ఒక టీబీ సరిపోతుందా అయ్యగారూ?



ప్లేస్టేషన్‌కు బయట తగిలించే హార్డ్ డిస్క్ ఏది కొనాలని మన సంఘంలో ఇంటర్ చదివే ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు. పాటల రికార్డింగులు, సాక్ష్యాలు దాచే డిస్కు ఒకటి మా దగ్గర ఉంది కాబట్టి మాకు తెలిసే ఉంటుందని వాడి నమ్మకం. హైదరాబాదులో పనిచేసే వాళ్లన్న తాను వాడిన ప్లేస్టేషన్ 4ను పండక్కి వచ్చినప్పుడు ఇంట్లో పెట్టి వెళ్లాడు. లోపల ఉన్నది 500 జీబీ. పెద్ద ఆట అయితే ఒక్కోటి 50 నుంచి 100 జీబీ తినేస్తుంది, ఐదారు ఆటలకే పెట్టె నిండిపోయింది. కొత్తది వేసుకోవాలంటే పాతది తీసెయ్యాలి. తీసేసినదాన్ని మళ్లీ దించుకుందామంటే మన అడవి అంచు ఊళ్లలో సిగ్నల్ సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

అదే వారం వాళ్లమ్మ కూడా వచ్చింది. "అయ్యగారూ, వద్దని మీరన్నా చెప్పండి. మీ మాటైతే వింటాడు" అంది. డబ్బు ఆమెది. ఎండాకాలం తెల్లవారకముందే అడవికి పోయి తునికాకు కోసి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లంలో అప్పజెప్పి తెచ్చుకున్న డబ్బు. నాలుగైదు వేలంటే ఎన్ని కట్టలో, ఎన్నిసార్లు నడుం వంచాలో ఆ తల్లికి తెలుసు. వాడికి తెలియదని మేమనం. అందుకే కదా, అమ్మను నేరుగా అడగలేక ముందు మా దగ్గరికి వచ్చాడు.

ఆటలన్నీ సాతానువి, తీసి అవతల పారేయించండి అని సంఘంలో ఒకరిద్దరు పెద్దలు అన్నారు. వారి భారం మాకు అర్థమవుతుంది. అయినా ఒక మాట. ఈ పెట్టె రాకముందు సాయంత్రాలు ఈ కుర్రాళ్లు ఎక్కడ నిలబడేవారో మనందరికీ తెలుసు, ఆ బెల్టు షాపు ఇప్పటికీ అక్కడే ఉంది. ఇప్పుడు నలుగురూ ఆ తల్లి కళ్లెదుట చాప మీద కూర్చుంటున్నారు. పరీక్షల సంవత్సరంలో రాత్రి పన్నెండు దాకా ఆడుతున్నారన్నదీ నిజమే. ఈ రెండు నిజాల్లో ఒకదాన్ని దాచి తీర్పు చెప్పడం మాకు ఇష్టం లేకపోయింది.

ఇంట్లో మేమిద్దరం కూర్చుని లూకా 12వ అధ్యాయం తీశాం. పంట బాగా పండితే పాత కొట్లు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టుకుందామనుకున్న ధనవంతుడి ఉపమానం అది. ఆ రాత్రే అతని ప్రాణం అడిగేశారు. ఈ డిస్కు గొడవకు సరిగ్గా సరిపోయే వాక్యమే, దానితో ముగించేస్తే వాళ్లమ్మ సంతోషించేది కూడా. కానీ ఆదికాండము 41లో యోసేపు కూడా కొట్లు నింపించాడు, ఏడు సంవత్సరాల పాటు పంటలో అయిదో వంతు. దేవుడు అతణ్ణి గద్దించలేదు. గాదె అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఉపమానంలోని మనిషి మొదటి నుంచి చివరిదాకా తనతో తానే మాట్లాడుకుంటాడు, ఆ మాటల్లో ఇంకో మనిషి పేరు లేదు. యోసేపు కొట్లు తెరిచిననాడు దేశాలన్నీ ఆ గుమ్మం ముందుకు వచ్చాయి. కాబట్టి ఆ తమ్ముణ్ణి కూర్చోబెట్టి, "ఎంత పెద్దది కావాలి?" అని అడగలేదు. "ఏం దాచాలి?" అని అడిగాం.

వాడు ముందు చూపించింది ఆన్‌లైన్‌లో 16 టీబీ అని రాసి ఉన్న చిన్న డిస్కు. ధర వెయ్యి రూపాయల లోపే. అలాంటివి కొనకండి, పిల్లలకూ చెప్పండి. లోపల ఒక చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటర్‌కు మాత్రం పెద్ద అంకె చూపించేలా చేసి అమ్ముతారు. నింపుతూ పోతే అసలు చోటు అయిపోయాక కొత్తగా వేసినవి పాడవుతాయి, లేదా పాతవాటి మీద పడి వాటినీ చెరుపుతాయి. ప్రకటన 3వ అధ్యాయంలో సార్దీస్ సంఘానికి ప్రభువు చెప్పించిన మాట మాకు గుర్తొచ్చింది. పేరుకు బ్రదుకుంది, లోపల లేదు. నిజమైన 1 టీబీ డిస్కును కంప్యూటర్‌కు పెడితే దాదాపు 931 జీబీ చూపిస్తుంది, అది మాత్రం మోసం కాదు. కంపెనీవాళ్లు వెయ్యితో లెక్కిస్తారు, కంప్యూటర్ 1024తో లెక్కిస్తుంది, అంతే.

ప్లేస్టేషన్ 4కు 250 జీబీ నుంచి 8 టీబీ దాకా, యూఎస్‌బీ 3.0 డిస్కు నేరుగా గుచ్చాలి. మధ్యలో హబ్ పెడితే ఒప్పుకోదు. ఎస్‌ఎస్‌డీ అయితే ఆట త్వరగా తెరుచుకుంటుంది, కానీ ధర బాగా ఎక్కువ. మామూలు హార్డ్ డిస్కులో పళ్లెం తిరుగుతుంది కాబట్టి నెమ్మది. అయినా ఈ పెట్టెకు చాలు, ఆట దాని మీద నుంచే నడుస్తుంది. ప్లేస్టేషన్ 5 అయితే లెక్క వేరు, దాని సొంత ఆటలను యూఎస్‌బీ డిస్కులో దాచుకోవచ్చు గానీ అక్కడి నుంచి ఆడలేరు. మన ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని గోడకు వేరే ప్లగ్గు అడిగే పెద్ద డిస్కు కాకుండా, యూఎస్‌బీ వైరు నుంచే కరెంటు తీసుకునే అరచేతి సైజుది చూడమన్నాం. తిరుగుతున్న డిస్కును కదపకూడదు, పెట్టె ఆపకుండా వైరు లాగకూడదు.

అప్పుడు వాళ్లమ్మ ఒక మాట అడిగింది. "వాళ్ల నాన్న ఫొటోలు ఇందులో పెట్టొచ్చా అయ్యగారూ?"

2022 జులై మీకు గుర్తుంది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, 1986లో వచ్చిన 75.6 తర్వాత అంతటి నీరు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారంటే ఊహించుకోండి. ఆ రాత్రి ఆమె పట్టా పుస్తకం, ఆధార్ కార్డులు, పెద్దవాడి సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బైబిలుతో పాటు చంకలో పెట్టుకుని పునరావాస కేంద్రానికి నడిచింది. భర్త వాడిన పాత ఫోను గూట్లోనే ఉండిపోయింది. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లి అప్పటికి ఏడాది. ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

ఆమెకు మేము చెప్పవలసి వచ్చిన జవాబు, పెట్టలేవమ్మా అని. ప్లేస్టేషన్ ఆ డిస్కును మొదట తన పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటుంది, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఆ తర్వాత ఆటలు తప్ప ఇంకేమీ ఉంచనివ్వదు. (మత్తయి 6:24 మా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ తల్లి ముఖం చూసి ఊరుకున్నాం.) తమ్ముడికీ ఒక సంగతి కొత్తగా తెలిసింది. ఆట ఆ డిస్కులోకి పోతుంది గానీ, వాడు ఎంతదాకా ఆడాడో ఆ లెక్క మాత్రం పెట్టె లోపలే ఉండిపోతుంది. పెట్టె పాడైతే నెలల ఆట పోయినట్టే. దాన్ని విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఫొటోలు, పాటలు కూడా ఉండవచ్చు, దానికి అభ్యంతరం లేదు.

చివరికి 1 టీబీ మామూలు హార్డ్ డిస్కు ఒకటి, 64 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి అనుకున్నాం. డిస్కుకు సగం డబ్బు అన్న పంపాలి, మిగతా సగం వీడు సెలవుల్లో మిరపకాయ ఏరి తేవాలి. పెన్‌డ్రైవ్ అమ్మ కొంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టె ఆపాలన్నది ఆమె పెట్టిన షరతు, అది మేము చెప్పింది కాదు. నాలుగు రోజులు వాడు మాతో సరిగ్గా మాట్లాడలేదు. అయిదో రోజు మిరప చేనుకు వెళ్లాడు.

ఫొటోలు బంధువుల ఫోన్లలోంచి ఒక్కొక్కటిగా ఇరవై దాకా దొరికాయి. మా డిస్కులో వెతికితే ఆయన ఒక క్రిస్మస్ ఆరాధనలో చెప్పిన సాక్ష్యం బయటపడింది, పదకొండు నిమిషాలు. మధ్యలో దగ్గు, వెనకాల ఎవరిదో పసిబిడ్డ ఏడుపు. ఆ గొంతు విని తమ్ముడు బయటికి వెళ్లిపోయాడు. వాళ్లమ్మ మాత్రం కదలకుండా చివరిదాకా వింది, మళ్లీ పెట్టమంది. ఇప్పుడు ఆ సాక్ష్యమూ ఫొటోలూ వాడి ఆటల లెక్కలూ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, అది పట్టా పుస్తకం ఉన్న కవర్లోకి చేరింది. పెన్‌డ్రైవ్‌లు కూడా చెడిపోతాయి, అందుకే సాక్ష్యం, ఫొటోలు ఇంకో కాపీ మా దగ్గర ఉంచాం.

మీ ఇళ్లలో పాత ఫోన్లలో పెద్దవాళ్ల పాటలు, సాక్ష్యాలు, ప్రార్థనలు ఉంటే వానలు మొదలవకముందే తీసుకురండి. ఆదివారం ఆరాధన అయ్యాక కాపీ చేసి ఇస్తాం. ఖాళీ పెన్‌డ్రైవ్, ఆ ఫోనుకు సరిపోయే ఛార్జరు మీరే తెచ్చుకోవాలి. తునికాకుకు అడవికి పోతున్న తల్లుల కోసం, ఎండ దెబ్బ నుంచీ ఎలుగుబంట్ల నుంచీ వారి కాపుదల కోసం ఈ వారం కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.