పరుగూ, తీరికా

పరుగుపందేలంటే మన మిత్రులలో కొందరికి చిన్నచూపు. పొట్ట నిండినవాడు పొట్ట తగ్గించుకోవడానికి పడే పాట్లంటారు. పందేలు జరిపేవారి మాట వేరు: పట్టుదల ఉంటే ఎవరైనా పరుగెత్తవచ్చునట. రెండు మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. రెండూ అసలు ప్రశ్నను దాటవేస్తాయి.

సికింద్రాబాదులో పాఠాలు చెప్పుకునే నేను కిందటి శీతకాలంలో విశాఖ వెళ్ళి, భీమిలివైపు సముద్రపుటొడ్డున జరిగిన ఒక పందెంలో పాల్గొన్నాను. విశాఖ బీచ్ రోడ్డున నౌకాదళం వారు జరిపే మారథాన్ తారురోడ్డు మీది పరుగు. ఇది అలాంటిది కాదు. ఒకచోట మెత్తటి ఇసుక, ఒకచోట బండరాళ్ళు, ఆపైన 2014లో భూవిజ్ఞాన వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఎర్రమట్టి దిబ్బల పక్కగా కాలిబాట. ఇసుకలో పరుగెత్తడానికి గట్టినేల మీదకంటే సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని 1998లో బెల్జియం శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. ఆ లెక్క నా పిక్కలకు మొదటి గంటలోనే బోధపడింది. అడుగు వేసినప్పుడల్లా ఇసుక జారి, మనం నెట్టిన బలంలో కొంత మింగేస్తుంది. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గాని అక్కడ ఒడ్డు వాలు. ఒక కాలు మిట్టన, ఒక కాలు పల్లాన పడుతుంది. అయినా ఎవరూ తరమకుండా అలసిపోవడంలో గొప్ప సుఖముంది.

దారిలో జాలరులు పెద్దవల లాగుతున్నారు. మడమలు ఇసుకలో దిగేసి, తాడును నడుముకు ఆన్చి, వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. మంచినీళ్ళకు ఆగిన నన్ను ఒక ముసలాయన అడిగాడు:

"ఏటి బాబూ, ఇలగ పరిగెడితే ఎంతిత్తారు?"

"ఇవ్వరు తాతా, మేమే ఎదురు డబ్బు కట్టాం."

ఆయన నవ్వి మళ్ళీ తాడు పట్టుకున్నాడు.

ఆ నవ్వులో అర్థశాస్త్రం ఉంది. ఇసుక ఇద్దరికీ ఒకటే, పిక్కల నొప్పీ ఒకటే. నేను ఆగిపోతే పోయేది పతకం. ఆయన ఆగిపోతే పోయేది ఆ పూట చేపల్లో వాటా. ఆ ఉదయం నా సొత్తు, ఆయనది కాదు. మా తరగతిలో ఒక కుర్రవాడు సాయంత్రం మొదలు అర్ధరాత్రి దాకా మోటారు సైకిలు మీద ఇంటింటికీ భోజనాలు చేరవేస్తాడు. నిమిషాల లెక్కన అతనూ పరుగెత్తుతూనే ఉన్నాడు. అతనికి పట్టుదల గురించి బోధించడానికి నాకు నోరు రాదు.

1886లో షికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం అడిగినప్పుడు నిద్రకు ఎనిమిది గంటలు, తమ ఇష్టానికి ఎనిమిది గంటలు కూడా అడిగారు. 2025లో తెలంగాణ వాణిజ్య సంస్థల్లోనూ, ఆంధ్రప్రదేశ్ కర్మాగారాల్లోనూ రోజుకు 10 గంటల పనికి ప్రభుత్వాలు వీలు కల్పించాయి. వారానికి 48 గంటల హద్దు ఉంది గదా అని సమాధానం చెబుతారు. పది గంటలు పనిలోనూ, రెండు గంటలు బస్సులోనూ గడిపినవాడు ఆ హద్దును ఏం చేసుకోను?

పరుగు మంచిది. దాన్ని అందరికీ అందనీయని పనిదినం చెడ్డది. మన విమర్శ ఆ రెండోదానిమీద ఉండాలి.